అసలు కట్టేది వాడు, ఆంక్షలు మనవి

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య ఓ కొత్త జాతి తయారైంది. నేను వీళ్ళకి పెట్టుకున్న పేరు ఈఎమ్మై జమీందార్లు. ఫ్లాటు కాగితాలు బ్యాంకులో ఉంటాయి. వాయిదాలు ఇంకా పదిహేనేళ్ళు మిగిలుంటాయి. వచ్చే ఏడాదికి ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అయినా సరే, మూడో బెడ్‌రూములో ఓ కుర్రాణ్ణి దింపుకున్న మర్నాటి నుంచీ అయ్యగారి నడకే మారిపోతుంది. "రాత్రి పదింటికల్లా ఇంట్లో ఉండాలని మా టెనెంటుకి కచ్చితంగా చెప్పేశా" అని ఆఫీసు క్యాంటీన్లో చెబుతున్నప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి. నూజివీడు కోట ఈయనదేనేమో అనిపిస్తుంది.

ముందే ఓ మాట చెప్పేస్తాను, తర్వాత గొడవ లేకుండా. ఇంట్లో గది అద్దెకివ్వడం తప్పని నేననడం లేదు. నేనూ ఇచ్చాను. ఆరేళ్ళుగా ఇస్తున్నాను, అప్పు తొందరగా తీర్చుకోవడానికే ఇస్తున్నాను. చుట్టాలొచ్చినప్పుడు "అబ్బే, అద్దె ఏంటి, మా కొలీగు తమ్ముడు, నాలుగు రోజులుంటాడు" అని అబద్ధాలాడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. మా కలిదిండిలో ఇది కొత్త సంగతేం కాదు. ఇంట్లో ఓ వాటా బడిపంతులుగారికో, బ్యాంకులో కొత్తగా చేరినాయనకో ఇవ్వడం, ఆ డబ్బుతో పాలవాడి ఖాతా, పిల్లల ఫీజులూ సర్దుకోవడం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. నా పేచీ అద్దె తీసుకోవడంతో కాదు, తీసుకుంటూ చేసే పెత్తనంతో.

ఈ గదుల వ్యవహారం ఎప్పుడు ముదిరిందో ఓసారి గుర్తు చేసుకోండి. బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాల వడ్డీని రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2019 అక్టోబరు నుంచి అది అమల్లోకొచ్చింది. కరోనా వచ్చి రెపో 4 శాతానికి పడిపోయింది. లోన్లు ఏడు శాతం చుట్టుపక్కల దొరికాయి. ఇంట్లోంచే పని, ఆఫర్ల మీద ఆఫర్లు, ఇంకేం, మనవాళ్ళు ఎగబడి కొన్నారు. ఆ తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల, ఏడాది తిరక్కుండానే, రెపో 4 నుంచి 6.5కి ఎక్కి కూచుంది. 75 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు అనుకోండి. 7 శాతం దగ్గర వాయిదా 58 వేల చిల్లర. 9.5 దగ్గర దాదాపు 70 వేలు. చాలామందికి వాయిదా పెరగలేదు, దాని బదులు బ్యాంకువాళ్ళు చడీచప్పుడూ లేకుండా గడువు సాగదీశారు. రిటైరయ్యాక కూడా వాయిదాలున్నాయని స్టేట్‌మెంటు చూసుకుంటే తప్ప తెలీలేదు. వాయిదా పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని కస్టమర్ని అడిగి చావండి అని (ఇంత మొరటుగా కాదులెండి) రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశం ఇవ్వాల్సొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే లేఆఫులు. అప్పుడు పడ్డాయి మూడో బెడ్‌రూములో మంచాలు. 2025లో రెపో మళ్ళీ మెల్లగా దిగింది, డిసెంబరుకి 5.25 అయింది. మంచాలు మాత్రం కదల్లేదు. అద్దె రుచి అలాంటిది మరి :)

ఇప్పుడు అసలు లెక్క. ఎక్సెల్ తెరవండి, మనకి రానిదేం కాదుగా. మధ్యేమార్గంగా 8.5 శాతం వేసుకుందాం. 75 లక్షలకి 20 ఏళ్ళ వాయిదా 65,087 రూపాయలు. మొదటి నెల అందులో వడ్డీకే 53,125 పోతుంది. అసలుకి జమయ్యేది 11,962. గది అద్దె 15 వేలనుకుందాం. కనబడిందా? మొదటి నెల మీ అప్పులో అసలు ఎంత తగ్గిందో, అంతకన్నా మూడు వేలు ఎక్కువే ఆ మూడో బెడ్‌రూములో కుర్రాడు మీ చేతిలో పెట్టాడు.

"డబ్బుకి రంగుండదు కదండీ, నా జీతం అసలుకి, వాడి అద్దె వడ్డీకి అనుకోవచ్చుగా" అంటారని తెలుసు. అలాగే అనుకోండి. ఇంకో రకంగా లెక్కేద్దాం. ఆ 15 వేలూ ప్రతి నెలా వాయిదాకి అదనంగా లోనుకే కట్టేశారనుకోండి. 240 వాయిదాలు కాస్తా 155కి వచ్చేస్తాయి. ఏడేళ్ళు ముందే విముక్తి. మీ జేబులోంచి పోయేది కోటీ 56 లక్షల నుంచి కోటి దరిదాపులకి దిగుతుంది. అంటే 55 లక్షల పైన మిగిలింది. ఆ పదమూడేళ్ళలో ఆ గదిలో వచ్చిపోయిన కుర్రాళ్ళంతా కలిసి ఇచ్చింది 23 లక్షలు. మిగతా 32 లక్షల పైచిలుకూ, వాళ్ళ డబ్బు ముందుగా బ్యాంకుకి చేరడం వల్ల మీకు తప్పిన వడ్డీ. గది ఎప్పుడూ ఖాళీగా ఉండదు, రేటు మారదు, అద్దె పెరగదు అనుకుని వేసిన లెక్కిది. మీ అంకెలు మీరు వేసుకోండి, దిశ మాత్రం ఇదే.

అంత చేసిపెడుతున్నవాడికి మనిచ్చే మర్యాద చూడండి. రాత్రి పదింటికి గడియ. అమెరికా క్లయింటుతో కాలుండి ఆఫీసులో ఆలస్యమైతే వాడు ఎక్కడికి పోవాలో మనకి పట్టదు, మనకున్నదీ అదే క్లయింటైనా సరే. ఫ్రిజ్జులో అడుగు అర. వాషింగ్ మెషీను ఆదివారం మాత్రమే, అదీ మన బట్టలయ్యాక. వంటింట్లోకి కోడిగుడ్డు రాకూడదు. స్నేహితులు రాకూడదు. అమ్మానాన్న ఊర్నుంచి వస్తే ఒక్క రాత్రికి ఏదో దయతలచి సరే అంటాం, రెండో రోజు పొద్దున్నుంచీ నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడతాం. వాడు లేనప్పుడు గది తలుపు తీసి, ఏసీ ఆఫ్ చేశాడో లేదో చూసే వంకన అలమర కూడా ఓ చూపు చూసొస్తాం. కేంద్రం 2021లో ఓ నమూనా అద్దె చట్టం తయారు చేసింది. ఇంటి యజమాని అద్దెకిచ్చిన చోటికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. రాష్ట్రాలు తీసుకుంటేనే అది చట్టమవుతుంది, నిజమే. కానీ మనింట్లో మర్యాద పాటించడానికి గెజిట్ కావాలా?

నేను 2006లో కేపీహెచ్‌బీలో గది కోసం తిరిగాను. ఇద్దరం, చేతిలో ఆఫర్ లెటర్లు. "టూలెట్" బోర్డున్న గేటల్లా తట్టాం. "బ్యాచిలర్సా? ఇవ్వమండీ." కొంతమంది గేటు దాకా కూడా రాలేదు, మెట్ల మీద నుంచే చెయ్యూపారు. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు చేసినవాళ్ళు, అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురి గదిలో ఆరుగురు పడుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి వివరించక్కర్లేదు. ఆ రోజు ఆ ఓనర్లని తిట్టని తిట్టు లేదు మనం. ఇవాళ మన ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో "బ్యాచిలర్లకి ఇవ్వకూడదు" అని తీర్మానం పెట్టి, మొదటి బొటనవేలు ఎత్తేది ఎవరంటారు? మనమే! కాకపోతే ఓ చిన్న సవరణ. మన గదిలో ఉన్నవాడు మాత్రం "వాడు మంచివాడండీ, బ్యాచిలర్లా ఉండడు".

నాకు ఇదంతా ఎందుకింత మంటంటే, ఈ సినిమా మా ఊళ్ళో చూసేశాను. కలిదిండి మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ లీజు కాగితం మారలేదు. అసలు కాగితమే ఉండదు చాలా చోట్ల. చెరువు ఆసామిది, చేప లీజుదారుడిది. ఎకరానికి ఇంత అని ఏడాది లీజు ముందే చేతిలో పెట్టాలి. బొచ్చె, శీలావతి పిల్లలు వదలాలి, మేత అప్పు తేవాలి, ఆ అప్పిచ్చినవాడికే సరుకు తోలాలి. మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గి చేప తేలిపోయినా, రొయ్యకి వైట్ స్పాట్ తగిలినా ఆసామి లీజు ఆసామిదే, రూపాయి తిరిగి రాదు. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించాక, 2006 నాటికి అయిదో కాంటూరు లోపలి చెరువు గట్లు కొట్టేశారు. అప్పుడు ఎవరి భూమి ఎంత పోయిందన్న మాటే ఊరంతా. లీజుకి దిగినవాడి పెట్టుబడి సంగతి ఎవడడిగాడు?

వరి కౌలుదీ అదే కథ. కౌలురైతుకి బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం దక్కాలని 2011లో ఒక చట్టం తెచ్చారు, 2019లో దాని బదులు ఇంకొకటి తెచ్చారు. 2019 చట్టంలో కార్డు 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదని అందులోనే రాసి ఉంది. అయినా సంతకం పెట్టమంటే ఆసామి "అమ్మో, రేపు పొలం వాడిదైపోతే?" అంటాడు. పెట్టుబడి వాడిది, అప్పు వాడిది, వాయుగుండం వస్తే మునిగేది వాడు. ఏ సాయమొచ్చినా పడేది మాత్రం పాస్‌బుక్కున్నవాడి ఖాతాలో. ఆ ఆసామి సంతకం చెయ్యనన్నందుకు సంక్రాంతికి అరుగు మీద కూర్చుని తిట్టిపోసిన సాఫ్ట్‌వేర్ పుత్రరత్నమే, హైదరాబాదు తిరిగొచ్చి తన టెనెంటుకి అద్దె రసీదు ఇవ్వనంటాడు.

అవునండీ, రసీదు. పాత పన్ను పద్ధతిలో ఉన్న ఉద్యోగికి హెచ్ఆర్ఏ మినహాయింపు కావాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఈ సంగతి మనకంటే బాగా తెలిసినవాడు లేడు, మనం పదేళ్ళు క్లెయిము చేసుకున్నవాళ్ళమే. మనం ఓనరయ్యాక మాత్రం "పాన్ ఇవ్వడం కుదరదు, కావాలంటే క్యాష్ ఇచ్చెయ్, ఐదొందలు తగ్గిస్తా". ఎందుకయ్యా అంటే పన్ను పడుతుందిట. ఎంత పడుతుందో లెక్కేశారా ఎప్పుడైనా? నెలకి 15 వేలు, ఏడాదికి 1,80,000. అందులో 30 శాతం, అంటే 54 వేలు, మరమ్మతులూ వగైరాల కింద ఒక్క బిల్లూ అడక్కుండా తీసేస్తారు. మిగిలింది 1,26,000. ఇందులోంచి ఆ గది వాటాకి వచ్చే వడ్డీ తీసెయ్యాలి. పైన చెప్పిన లోనుకి మొదటి ఏడాది వడ్డీ 6,31,000 పైన. ఇంట్లో ఐదో వంతు ఆ గది అనుకుంటే దాని వాటా వడ్డీ 1,26,000 దాటింది. పన్ను పడే ఆదాయం సున్నా! కొత్త పద్ధతిలో కూడా అద్దెకిచ్చిన భాగానికి వడ్డీ, అద్దె మేరకి తీసుకోవచ్చు. నష్టమొస్తే జీతంలో సర్దుకోనివ్వరు, అంతే. గది వాటా ఎలా తేల్చాలో మీ ఆడిటర్ని అడగండి, ఫీజిస్తే చెప్తాడు. అప్పు పాతబడేకొద్దీ వడ్డీ తగ్గి కొంత పన్ను పడుతుంది. పడనీండి, ఆదాయం వస్తోందిగా. సున్నా పన్ను తప్పించుకోవడానికి ఎదుటివాడి హెచ్ఆర్ఏ మింగెయ్యడం ఏం తెలివో నాకర్థం కాదు.

పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇంకో మూఢనమ్మకం ఉంది. ఏడాది దాటి ఉంటే ఇల్లు వాడి సొంతమైపోతుందని! 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజుని రిజిస్టరు చెయ్యాలి. ఆ ఖర్చూ తిప్పటా తప్పించుకోవడానికి పదకొండు నెలలని రాస్తారు. అంతే కథ. మీరు రమ్మంటే వచ్చి, నెలనెలా అద్దె కడుతూ ఉన్నవాడు, ఉన్నాడన్న కారణంగా ఇంటికి యజమాని అయిపోడు. కాగితం ఉంటేనే వాడు అద్దెకున్నవాడని మీరు రుజువు చెయ్యగలిగేది. అంటే కాగితం లేకపోతే ఎక్కువ ఇబ్బంది మీకే. చదువుకున్నవాళ్ళం, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు లేనిదే కోడు ముట్టుకోనివాళ్ళం, ఇంట్లోకి మనిషిని మాత్రం నోటిమాట మీద దింపుతాం.

ఇంక అందరూ చేసి, ఎవరూ ఒప్పుకోని పని. "మీరేవిట్లు?" నేరుగా అడిగేవాళ్ళు కొందరు. మనం చదువుకున్నాం కాబట్టి చుట్టు తిప్పి అడుగుతాం. ఇంటిపేరేంటి? ఊరేంటి? ఆ ఊళ్ళో ఏ వీధి? నాన్నగారేం చేస్తారు? నాలుగు ప్రశ్నల్లో తేలకపోతే ఐదోది, "మీరు నాన్‌వెజ్ తింటారా?" మా కొల్లేరు వైపునించి వచ్చి, చేప అమ్మిన డబ్బుతో ఇంజినీరింగు చదివి, ఆ జీతంతో కొన్న ఫ్లాటుకి "ఓన్లీ వెజ్" బోర్డు పెట్టిన మహానుభావుణ్ణి నేనెరుగుదును. మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు లాంటి చోట్ల కులం పేరుతో అడ్డుకోకూడదని ఉంది. ఆ జాబితాలో అద్దె ఇల్లన్న మాట లేదు. అదే మన ధైర్యం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, ఇళ్ళ అద్దెలు కూడా అందులో ఉన్నాయి. ఎవరి పుణ్యాన అంత దూరంలో, ఆ నగరానికి అలాంటి చట్టం అవసరమైందో, అక్కడ పనిచేస్తున్న మనవాళ్ళు కాస్త ఆలోచించుకుంటే బావుంటుంది.

అమెరికా ఎలాగూ వచ్చింది కాబట్టి, అక్కడి బాబాయిల సంగతీ అయిపోవాలి. 2021 జనవరిలో అక్కడ 30 ఏళ్ళ గృహరుణం సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2022 అక్టోబరుకి 7 దాటింది. ఆ తర్వాత ఇల్లు కొన్నవాళ్ళకి బేస్‌మెంటే కల్పతరువు. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు నలుగురు, నాలుగు పరుపులు, తలకి ఇంత. "తెలుగువాళ్ళకి మాత్రమే, పార్టీలు చేసుకోకూడదు." ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపించిన నాన్న అప్పు ఒకవైపు, మన ఇంటి అప్పు ఇంకోవైపు, రెండిటినీ మోసేది ఆ పిల్లాడు. అదలా ఉంచండి, ఆ గదికి రెండో దారుందా? పడుకునే గదికి మనిషి బయటపడగలిగే కిటికీయో తలుపో ఉండాలని అక్కడి నివాస గృహాల నమూనా కోడే చెబుతుంది. 2021 సెప్టెంబరు మొదటి రాత్రి ఐడా తుఫాను వర్షానికి న్యూయార్కు నగరంలో 13 మంది చనిపోతే, అందులో 11 మంది బేస్‌మెంటు ఇళ్ళలో ఉన్నవాళ్ళు. నీళ్ళు మెట్ల మీదుగా వస్తే ఎక్కేందుకు ఇంకో దారి లేదు. ఇన్స్యూరెన్సుకి చెప్పకుండా, టౌనుకి చెప్పకుండా, పరుపులు పరిచి డబ్బులు లెక్కపెట్టుకునేవాళ్ళని "మనవాళ్ళకి సాయం చేస్తున్నా" అనొద్దని మనవి. సాయమైతే జెల్ ద్వారా నెల మొదటి తారీఖున వసూలు చెయ్యరు.

"ఇంట్లో ఆడపిల్లలున్నారండీ, జాగ్రత్త వద్దా?" అంటారు. వద్దని ఎవరన్నారు? గుర్తింపు కాగితాలు చూడండి, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి, పాత ఓనరుతో మాట్లాడండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే ఇవ్వకండి. ఇంట్లోకి వచ్చినవాడి మీద నిఘా పెట్టడానికి, వచ్చేముందు వాకబు చెయ్యడానికి తేడా ఉంది. "నా ఇల్లు, నా ఇష్టం" అనే వాదన ఇంకోటి. ఇల్లంతా మీదైతే ఖాళీగా ఉంచుకోండి, దేవుడి గది చేసుకోండి, ట్రెడ్‌మిల్లు పెట్టి బట్టలారేసుకోండి. నెలకి 15 వేలు తీసుకున్న క్షణం నుంచీ ఆ నాలుగు గోడలు ఆ నెలకి వాడివి. మనం బ్యాంకుకి కడుతున్నాం కదా, మేనేజరు వచ్చి మన ఫ్రిజ్జు తెరిచి చూస్తే ఊరుకుంటామా? నిజానికి బ్యాంకుకి మన ఇంటి మీదున్న హక్కు, మనకి ఆ కుర్రాడి మీదున్న హక్కుకన్నా పెద్దదే.

చివరాఖరికి అడ్వాన్సు. బెంగుళూరు పది నెలల అడ్వాన్సులకి పేరుమోసింది, ఆ నమూనా చట్టమేమో రెండు నెలలు చాలంది. మనవాళ్ళు తీసుకోవడం రెండు నెలలే తీసుకుంటారు, ఇచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు రంగు. పెయింటింగు కింద ఒక నెల కోత. మూడేళ్ళున్నా అంతే, మూడు నెలలున్నా అంతే. పెయింటు వెయ్యరు, అది వేరే సంగతి. నా గదిలో కిందటేడు ఖాళీ చేసినవాడు రెండేళ్ళున్నాడు. మంచం తగిలి గోడ ఓ చోట పెచ్చు లేచింది. మేస్త్రీని పిలిస్తే ఎనిమిదొందలయింది. అద్దె మీద రెండేళ్ళలో మూడు లక్షల అరవై వేలిచ్చిన మనిషి దగ్గర ఆ ఎనిమిదొందలు పట్టుకోమని మా అపార్టుమెంటు సెక్రటరీగారు సలహా ఇచ్చారు, "లేకపోతే అలుసైపోతారు" అని. అడ్వాన్సు మొత్తం అదే రోజు పంపించేశాను. ఆయనకి నచ్చలేదు. గ్రూపులో మిగతా ఓనర్లకి చెడ్డ అలవాటు చేస్తున్నానట.